క్యాష్ జాబ్ జీతం ఎగ్గొట్టాడు, కెనడా ఒంటారియోలో ఏమైనా చేయొచ్చా?

గోదారోడు_బ్రాంప్టన్
కాలేజ్‌లో జాయినై ఇంకా ఏడాది కాలేదు. సెప్టెంబర్‌లో ఇక్కడే మన తెలుగాయన రెస్టారెంట్‌లో కిచెన్ హెల్పర్‌గా చేరా. మొదటి వారం ట్రైనింగ్ అన్నాడు, డబ్బుల్లేవు. తర్వాత గంటకి 12 డాలర్లు క్యాష్, పేస్టబ్ (జీతం స్లిప్) లేదు, సిన్ నంబర్ (ఉద్యోగానికి కావాల్సిన గవర్నమెంట్ నంబర్) కూడా అడగలేదు. గ్రైండర్ జార్ పగిలిందని 80 కట్. ఒక టేబుల్ వాళ్ళు బిల్లు కట్టకుండా జారుకుంటే ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళందరికీ పంచి కట్. సరే పోనీలే అనుకున్నా. ఇప్పుడు పోయిన నెలంతా పైసా ఇవ్వలేదు, అడిగితే బిజినెస్ డల్ తమ్ముడూ వచ్చే వారం చూద్దాం అంటాడు. ఆ వచ్చే వారం ఎప్పటికీ రావట్లేదని గట్టిగా అడిగితే రేపట్నుంచి రావద్దన్నాడు, పైగా నువ్వు స్టూడెంటువి, క్యాష్‌లో చేశావు, ఎక్కడ చెప్పుకుంటావో చెప్పుకో పో అన్నాడు. కాగితం మీద చూస్తే నేను అక్కడ పనిచేసినట్టే లేదు. నిజంగా ఏమీ చేయలేమా?

మిర్చిబజ్జి416
రెస్టారెంట్ పేరు చెప్పు బ్రో, ఈ వీకెండ్ అటు వెళ్ళకుండా ఉంటాం

మోడరేటర్
పేర్లు వద్దు. పెడితే పోస్ట్ లేపేస్తా.

మిర్చిబజ్జి416
పోనీ దోశ ఎంతకి అమ్ముతాడో చెప్పు, మేమే కనుక్కుంటాం

పేరోల్_పద్మ
నేను పేరోల్‌లోనే పనిచేస్తా కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

క్యాష్ ఇచ్చినా చెక్ ఇచ్చినా పని చేశావంటే నువ్వు ఎంప్లాయీవే. ఇక్కడ ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ యాక్ట్, 2000 అని ఒకటుంది, అందరూ ఈఎస్ఏ అంటారు. పేస్టబ్ ఇవ్వాల్సింది ఆయన, గంటలు రాసిపెట్టుకోవాల్సింది కూడా ఆయనే, అవి లేవంటే తప్పు ఆయనది. "కాగితం లేదు" అనేది నీ మీదకి వచ్చే మాట కాదు.

మినిమమ్ వేజ్ 2025 అక్టోబర్ 1 నుంచి 17.60. దానికి ముందు ఏడాది 17.20. అంటే నువ్వు సెప్టెంబర్‌లో చేసిన గంటలకి ఒక రేటు, తర్వాతవాటికి ఇంకో రేటు. 12కి ఒప్పుకున్నావు కదా అని ఆయన అంటే అది చెల్లదు, చట్టం ఇచ్చిన కనీస హక్కుని వదులుకుంటానని నువ్వు సంతకం పెట్టినా చెల్లదు. ట్రైనింగ్ కూడా పనే, దానికీ జీతమే. ట్రయల్ షిఫ్ట్ అన్నా అంతే, 2024లో వచ్చిన సవరణలో ఆ సంగతి విడిగా రాసి మరీ పెట్టారు. కాలేజ్ వాళ్ళు చదువులో భాగంగా పంపే కోఆప్ లాంటివి వేరు, నీది అది కాదు.

ఇక కటింగులు. బిల్లు ఎగ్గొట్టిన కస్టమర్ డబ్బు సర్వర్ల దగ్గరో హెల్పర్ల దగ్గరో కోయడం నిషేధం. పనిలో సామాను పగిలితే కోయడం కూడా నిషేధమే. పైగా జీతంలో 4 శాతం వెకేషన్ పే అని వేరే రావాలి, అది మనవాళ్ళలో సగం మందికి తెలీదు. థాంక్స్‌గివింగ్ నాటికి నువ్వు అక్కడే ఉన్నావు కదా? దానికి పబ్లిక్ హాలిడే పే కూడా ఉంది, పండక్కి ముందు నాలుగు వారాల జీతాన్ని 20తో భాగిస్తే వచ్చేది. ఆ నాలుగు వారాల్లో నీకు 1600 రావాల్సి ఉంటే 80 డాలర్లు. చేరి ఎన్నాళ్ళయింది అని చూడరు దానికి.

లేబర్ మినిస్ట్రీ సైట్‌లో ఆన్‌లైన్ క్లెయిమ్ వేయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. జీతం రావాల్సిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి.

గోదారోడు_బ్రాంప్టన్
అక్కా థాంక్యూ. థాంక్స్‌గివింగ్ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే ఉన్నా, ఆ రోజు పేరుకి తగ్గట్టు ఆయన థాంక్స్ మాత్రం చెప్పాడు

పేరోల్_పద్మ
పండగ రోజు పని చేయించుకుంటే హాలిడే పే మీద ఆ గంటలకి ఒకటిన్నర రెట్లు కూడా ఇవ్వాలి. రాసిపెట్టుకో.

నయాగరా_నాయుడు
మేము వచ్చిన కొత్తలో ఇలాంటివి ఎన్ని పడలేదు. ఫ్యాక్టరీలో రాత్రిళ్ళు నిలబడి చేశాం, కటింగులూ పడ్డాం, ఎవరి మీదా కంప్లైంట్లు పెట్టలేదు. ఈ రోజుల్లో పిల్లలు దిగగానే చట్టం చట్టం అంటున్నారు. ఆ పెద్దాయన కూడా అప్పు చేసి పెట్టుకున్న హోటలే అయ్యుంటుంది. మనవాళ్ళ మీద మనమే గవర్నమెంట్‌కి రాసుకుంటే బయటివాళ్ళ ముందు చులకన అవుతాం. కూర్చుని మాట్లాడుకుంటే అయిపోయేదానికి ఇంత దూరం ఎందుకు బాబూ.

ఓరుగల్లు_పిల్ల
నాయుడు గారూ, ఆ పిల్లగాడు మాట్లాడిండు కదా అంకుల్, మాట్లాడినందుకే తీసేసిండు ఆయన. మనోడు మనోడు అనుకుంటనే 17 ఇయ్యాల్సిన కాడ 12 ఇచ్చిండు. తెల్లోళ్ళ కాఫీ షాపుల చేసిన నేను, మేనేజర్‌ది ముచ్చటైన మొహమేం కాదు గానీ పైసలు మాత్రం టైమ్‌కి పడేటియి.

నయాగరా_నాయుడు
నేను అన్నది కంప్లైంట్ వద్దని కాదు తల్లీ, ముందు పెద్దమనుషుల్లో పెట్టమని.

మిర్చిబజ్జి416
పంచాయితీకి కుర్చీలు నేను తెస్తా, టీ మాత్రం ఓనరే పెట్టాలి, గ్రైండర్ జార్ డబ్బులు మినహాయించుకోకుండా

లారీ_రాజు
తమ్ముడిది కనీసం ఎంప్లాయీ అని తేలిపోతది. మా ట్రక్కింగ్‌లో ఇంకో ఆట ఉంది, చేరేముందే నీ పేరు మీద ఒక కంపెనీ ఓపెన్ చెయ్ అంటారు, జీతం ఆ కంపెనీకి ఇన్వాయిస్ మీద వేస్తారు, బండి వాళ్ళది, రూటు వాళ్ళది, టైమ్ వాళ్ళది, కానీ నువ్వు మాత్రం కాంట్రాక్టర్. ఓవర్‌టైమ్ (ఓటీ) లేదు, వెకేషన్ లేదు, దెబ్బ తగిలితే అడిగే నాథుడు లేడు. డ్రైవర్ ఇంక్ అంటారు దీన్ని, ఇటు మిస్సిసాగా బ్రాంప్టన్ అంతా ఇదే. ఇంకో సంగతి, ఒంటారియో దాటి వేరే ప్రావిన్స్‌కో అమెరికాకో లోడ్ తోలేవాళ్ళకి ఈ ఈఎస్ఏ వర్తించదు, మాది ఫెడరల్, కెనడా లేబర్ కోడ్. క్లెయిమ్ తప్పు ఆఫీసులో వేసి నెలలు పోగొట్టుకున్నోళ్ళు నాకు తెలుసు.

కోడ్_కూలీ
బ్యాంకులు, ఎయిర్‌లైన్స్, టెలికాం కూడా ఫెడరల్ కిందికే వస్తాయి కదా. అక్కడ ఏడాదికి 10 రోజులు పెయిడ్ సిక్ లీవ్. ప్రావిన్స్ కింద ఉన్న మాకేమో 3 రోజులు, అదీ అన్‌పెయిడ్ 😑

పేరోల్_పద్మ
అవును. కాకపోతే 2024 అక్టోబర్ చివరి నుంచి ఆ 3 రోజులకి డాక్టర్ నోట్ తెమ్మని అడగకూడదు. వాక్ ఇన్ క్లినిక్‌లో కూర్చుని ఉన్న జ్వరం పెంచుకునే పని తప్పింది.

కోడ్_కూలీ
టాపిక్ పక్కకి పోతుందేమో గానీ అడిగేస్తా. మాకు నెలకోసారి ప్రొడక్షన్ రిలీజ్, రాత్రంతా మేలుకుని పొద్దున్నే మళ్ళీ స్టాండప్ మీటింగ్. వారానికి 44 గంటలు దాటితే ఓటీ అని ఎక్కడో చదివి హెచ్ఆర్‌ని అడిగితే నవ్వింది. ఎందుకు నవ్విందో అర్థం కాలేదు.

పేరోల్_పద్మ
44 దాటితే ఒకటిన్నర రెట్లు, నిజమే. కానీ ఐటీ ప్రొఫెషనల్స్‌కి పని గంటల రూలూ లేదు, ఓటీ రూలూ లేదు, రెగ్యులేషన్‌లోనే మినహాయించారు. మేనేజర్లకీ అంతే. అయితే డిజిగ్నేషన్‌లో ఐటీ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, నిజంగా చేసే పని ఏంటో చూస్తారు. సిస్టమ్స్ డిజైన్, డెవలప్‌మెంట్ చేస్తూ సొంత తెలివితో నిర్ణయాలు తీసుకునేవాళ్ళు ఆ మినహాయింపులోకి వస్తారు, స్క్రిప్ట్ చూసి పాస్‌వర్డ్ రీసెట్ చేసే హెల్ప్‌డెస్క్ వాళ్ళ విషయంలో వాదించడానికి చోటుంది.

కోడ్_కూలీ
అంటే ఇంత చదివి, ఇంత ఫీజు కట్టి, కిచెన్ హెల్పర్‌కి ఉన్న ఓటీ నాకు లేదు. అమ్మకి ఎలా చెప్పాలి ఇది

కాల్గరీ_కారం
మీ గొడవలు చూస్తుంటే అసూయగా ఉంది. మా ఆల్బర్టాలో మినిమమ్ వేజ్ 2018 నుంచి 15 దగ్గరే గుంజకి కట్టేసిన ఎద్దులా అక్కడే తిరుగుతోంది.

మిర్చిబజ్జి416
పెట్రోల్ చవక కదా మీకు, తాగి బతకండి

హైదరాబాదీ_హరి
ఇక్కడి నుంచి చూస్తున్నా మీ థ్రెడ్. ఓటీ ఒకటిన్నరేనా? మన దగ్గర ఫ్యాక్టరీల్లో చట్టం ప్రకారం డబుల్.

ఓరుగల్లు_పిల్ల
నీకెప్పుడన్న ఇచ్చిన్రా అన్నా?

హైదరాబాదీ_హరి
చట్టం గురించి చెప్పా చెల్లే, నా గురించి కాదు

ఇడ్లీ_సాంబార్_ఓనర్
ఇంతసేపు చదివి ఆగలేక రాస్తున్నా. నాది చిన్న టిఫిన్ షాపు, ఇది నా గురించిన పోస్ట్ కాదు, ముందే చెప్తున్నా. ఆయన జీతం ఎగ్గొట్టడం తప్పే, నేను సమర్థించను. కానీ ఓనర్లందరినీ ఒకే గాటన కట్టొద్దు. 17.60 కాగితం మీద కనపడేది, దాని మీద సీపీపీ (పెన్షన్), ఈఐ (నిరుద్యోగ బీమా)లో మా వాటా, డబ్ల్యూఎస్ఐబీ (పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే బీమా), వెకేషన్ పే అన్నీ కలిస్తే ఎంతవుద్దో ఒకసారి లెక్కేయండి. రెంట్ ప్రతి ఏడాదీ పెరుగుద్ది, దోశ రేటు ఒక్క డాలర్ పెంచితే గూగుల్‌లో ఒక్క స్టార్ పడుద్ది. ఇంకోటి, పేరోల్‌లో పెడతా రా అంటే పిల్లలే వద్దు అంకుల్ క్యాష్ ఇవ్వండి అంటారు, ఎందుకంటే వారానికి 24 గంటల లిమిట్ దాటి చేయాలి వాళ్ళకి. అప్పుడు మాత్రం చట్టం గుర్తుకు రాదు.

ఓరుగల్లు_పిల్ల
పిల్లలు అడుగుతరు నిజమే. మరి క్యాష్ ఇచ్చేటప్పుడు 17.60 లెక్కనే ఇస్తరా మీరందరు? లిమిట్ దాటిండన్న భయం వానికి ఉంటదని తెలిసే 12 అంటరు. ఆ భయం రేటే ఆ అయిదున్నర.

ఇడ్లీ_సాంబార్_ఓనర్
నేను పేరోల్ మీదే ఇస్తానమ్మా. అందుకే మా దగ్గర మనుషులు నిలవరు, రెండు వీధుల అవతల క్యాష్ ఇచ్చేవాడి దగ్గరికి పోతారు. చట్టం పాటించేవాడే పోటీలో ఓడిపోతున్నాడు, దాని గురించి ఎవరూ రాయరు.

పేరోల్_పద్మ
ఈ పాయింట్ మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

స్కార్‌బరో_సీతాకోక
24 గంటల ముచ్చట వచ్చింది కాబట్టి, ఓపీ (పోస్ట్ పెట్టిన తమ్ముడూ) నువ్వు ఎన్ని గంటలు చేశావు? క్లాసులు జరిగే రోజుల్లో ఆఫ్ క్యాంపస్ 24 దాటితే అది స్టడీ పర్మిట్ కండిషన్‌కి సంబంధించింది, 2024 నవంబర్ నుంచి ఉన్న రూల్. దానికి ముందు కొన్నాళ్ళు లిమిట్ ఎత్తేశారు కాబట్టి చాలామంది పాత మాటలే నమ్ముకుని తిరుగుతున్నారు.

గోదారోడు_బ్రాంప్టన్
క్లాసులున్న వారాల్లో 24 లోపే అక్కా, నాకు కాలేజ్ ఇక్కడికి దూరం, అంతకంటే కుదరదు కూడా. ఫాల్ రీడింగ్ వీక్‌లో మాత్రం రోజంతా చేశా.

స్కార్‌బరో_సీతాకోక
రీడింగ్ వీక్ షెడ్యూల్డ్ బ్రేక్ కింద వస్తుంది, కాలేజ్ క్యాలెండర్‌లో ఉంటే ఫుల్ టైమ్ చేయొచ్చు. అయితే ఆయన బెదిరింపులో పస లేదు.

అజ్ఞాత_విండ్సర్
నాది అలా కాదు. వారానికి 35 దాకా చేశా, క్యాష్, కొన్ని వారాల డబ్బు రాలేదు. నేను క్లెయిమ్ వేస్తే నా పర్మిట్ పోతుందా? తిట్టకండి ప్లీజ్, ఫీజు ఇన్‌స్టాల్‌మెంట్ కట్టాలి అప్పుడు.

పేరోల్_పద్మ
ఎవరూ తిట్టరు. ఈఎస్ఏ కింద చేసిన ప్రతి గంటకీ జీతం రావాలి, వీసా ఏంటి అనేదాన్ని బట్టి అది మారదు. జీతం చూసేది ప్రావిన్స్, పర్మిట్ చూసేది ఫెడరల్, రెండూ వేర్వేరు ఆఫీసులు. కానీ నీ కేసులో క్లెయిమ్ ఫారం నింపేముందు కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌కి వెళ్ళి ఇమిగ్రేషన్, ఎంప్లాయ్‌మెంట్ రెండూ కలిపి అడుగు, విండ్సర్‌లో కూడా ఉంది, అర్హత ఉంటే ఫ్రీ. ఇక్కడ నేనో ఇంకొకరో చెప్పింది నమ్మి ముందుకు పోవద్దు. టొరంటో వైపు వాళ్ళకైతే వర్కర్స్ యాక్షన్ సెంటర్ అని ఉంది, ఫోన్‌లో కూడా చెప్తారు.

లారీ_రాజు
బ్రాంప్టన్‌లో పంజాబీ పిల్లలు నౌజవాన్ సపోర్ట్ నెట్‌వర్క్ అని పెట్టుకున్నారు 2021లో. జీతం ఇవ్వని ఓనర్‌కి ముందు లెటర్ పంపుతారు, ఇవ్వకపోతే వాళ్ళ ఇంటి ముందుకు ప్లకార్డులు పట్టుకుని వెళ్తారు. చాలామందికి వసూలయ్యాయి. మనవాళ్ళకి అసోసియేషన్లు బోలెడు, ఉగాదికి ఒకటి, దీపావళికి ఒకటి, జీతం పోతే మాత్రం ఒక్కటీ లేదు.

నయాగరా_నాయుడు
ఇళ్ళ ముందు ధర్నాలు చేయడం మంచి పద్ధతి కాదు. ఓనర్ పెళ్ళాం పిల్లలు ఏం చేశారు?

లారీ_రాజు
ఆ కుర్రాడి అమ్మానాన్న ఏం చేశారండీ, ఊళ్ళో లోన్ కట్టుకుంటున్నారు వాళ్ళు

కాకినాడ_కాజా
ప్రూఫ్ గురించి ఎవరూ చెప్పలేదు. నేను ఒక గ్యాస్ స్టేషన్ మీద క్లెయిమ్ వేసి గెలిచా కాబట్టి చెప్తున్నా. షిఫ్టుల వాట్సాప్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి వేరే చోట దాచు. బస్సులో వెళ్ళేవాడివి అయితే ప్రెస్టో కార్డ్ ట్యాప్ హిస్టరీ డౌన్‌లోడ్ చెయ్, ఏ రోజు ఎన్నింటికి ఎక్కావో ఉంటుంది. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే అదీ పనికొస్తుంది. కిచెన్‌లో దిగిన ఫోటోలు, గోడ మీద షెడ్యూల్ ఫోటో. ఎప్పుడైనా బ్యాంక్ నుంచి ఈట్రాన్స్‌ఫర్ చేశాడా? చేసి ఉంటే బంగారం. ఇవన్నీ పెట్టుకుని తేదీలవారీగా గంటలు ఒక ఎక్సెల్‌లో రాయి. నా ఓనర్ కూడా వీడెవడో నాకు తెలీదు అన్నాడు ఆఫీసర్‌తో, నేను "రేపు పొద్దున ఆరింటికి షటర్ తీయి" అన్న ఆయన వాయిస్ మెసేజ్ పంపా.

గోదారోడు_బ్రాంప్టన్
ఒకసారి ఈట్రాన్స్‌ఫర్ చేశాడు అన్నా, ఏటీఎం పనిచేయలేదని! మెసేజ్ ఉంది.

కాకినాడ_కాజా
పని అయిపోయినట్టే సగం. కానీ గెలిచాక వసూలు కావడం ఇంకో కథ, అది కూడా వినాలి. ఆర్డర్ వచ్చినా కొంతమంది కట్టకుండా తిప్పుతారు, షాపు మూసేసి వేరే పేరుతో తెరుస్తారు. నాకు మొత్తం రావడానికి చాలా టైమ్ పట్టింది. కంపెనీ దగ్గర డబ్బు లేకపోయినా డైరెక్టర్లని పట్టుకోవచ్చు, ఆరు నెలల జీతం దాకా సొంతంగా బాధ్యులు వాళ్ళు. అదీ మా ఆఫీసర్ చెప్తేనే తెలిసింది.

మిర్చిబజ్జి416
ప్రెస్టో ట్యాప్ హిస్టరీ ఇంట్లో ఆవిడకి తెలిస్తే నా పరిస్థితి ఏంటి

గోదారోడు_బ్రాంప్టన్
ఒక డౌట్ అక్కా. తీసేశాడు కదా, దానికి నోటీస్ పీరియడ్ లాంటిది ఏమైనా ఉందా?

పేరోల్_పద్మ
మూడు నెలలు నిండితేనే వారం నోటీసు లేదా వారం జీతం, ఏడాది దాటితే రెండు వారాలు, అలా పెరుగుతూ ఎనిమిది దాకా. నీకు మూడు నిండలేదు అనుకుంటా. కానీ నీ కేసులో అసలు పాయింట్ అది కాదు. రావాల్సిన జీతం అడిగినందుకు తీసేశాడు, దాన్ని రిప్రైజల్ అంటారు, మొదటి రోజు ఉద్యోగికి కూడా ఆ రక్షణ ఉంది. అందుకు తీసేయలేదని నిరూపించుకోవాల్సింది ఆయనే. క్లెయిమ్‌లో ఆ బాక్స్ కూడా టిక్ చెయ్. ఉద్యోగం ఆగిపోయాక ఏడు రోజులు, లేదా మామూలుగా జీతాలు వేసే రోజు, రెండిట్లో ఏది తర్వాత వస్తే ఆలోపు మొత్తం ఇచ్చేయాలి. ముందు ఒక ఈమెయిల్ పెట్టు, మర్యాదగా, లెక్కతో సహా, ఫలానా తేదీలోపు అని.

గోదారోడు_బ్రాంప్టన్
అప్డేట్. నిన్న ఈమెయిల్ పెట్టా, లెక్క మొత్తం 17.20, 17.60 లెక్కన. గంటలోపే ఫోన్ చేశాడు, ఇన్నాళ్ళూ ఎత్తని ఆయన. ఏంట్రా లాయర్‌వి అయ్యావా అని మొదలుపెట్టి చివరికి సగం ఇస్తా, క్యాష్, వచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టి తీసుకుపో అన్నాడు. అకౌంట్ క్లియర్, ఇంక ఏమీ బాకీ లేదు అని రాసుందట. ఇంటి రెంట్ ఒకటో తారీఖు. తీసుకోమంటారా?

నయాగరా_నాయుడు
తీసుకో బాబూ. చేతికొచ్చిన సగం మేలు. ఏళ్ళు తిరిగే ఓపిక నీకెక్కడ.

ఓరుగల్లు_పిల్ల
సగం అంటే 12 లెక్కల సగమా 17.60 లెక్కల సగమా, ముందు అది అడుగు

గోదారోడు_బ్రాంప్టన్
12 లెక్కలో 🙂

కాకినాడ_కాజా
సంతకం పెట్టకు. డబ్బు ఇస్తే తీసుకో, తీసుకున్నాక "ఇంత ముట్టింది, ఇంకా ఇంత రావాలి" అని మెసేజ్ పెట్టు.

పేరోల్_పద్మ
కాజా చెప్పిందే. ఆ కాగితం మీద సంతకం పెట్టినా కనీస హక్కు పోదు, పైన చెప్పా కదా. కానీ పెట్టకపోతే రేపు దాని గురించి వాదించుకునే పని ఉండదు. రాజీ పడాలనుకుంటే క్లెయిమ్ వేశాక ఆఫీసర్‌కి ఇద్దరూ రాతపూర్వకంగా చెప్పి పడొచ్చు, అది పక్కాగా ఉంటుంది. రెంట్ అవసరం నీది, నిర్ణయం కూడా నీదే. ఒంటరిగా మాత్రం వెళ్ళకు.

నయాగరా_నాయుడు
కావాలంటే నేను వస్తా తోడు. కంప్లైంట్ సంగతి తర్వాత, 12 లెక్కలో సగం అంటే మరీ అన్యాయంగా ఉంది. పేరు ఇక్కడ కాదు, మెసేజ్‌లో పెట్టు.

మిర్చిబజ్జి416
కుర్చీలు తేనా మరి

గోదారోడు_బ్రాంప్టన్
మెసేజ్ పెట్టా అంకుల్. కాగితం ఫోటో తీసుకుంటా, సంతకం పెట్టను. క్లెయిమ్ ఫారం ఇవాళ రాత్రి నింపుతా.

కొత్త_కిచెనర్
ఇదే థ్రెడ్‌లో అడగొచ్చో లేదో. వేర్‌హౌస్ పని ఇప్పిస్తానని ఒక ఏజెన్సీ వాడు 300 రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతున్నాడు, అది మామూలేనా?

పేరోల్_పద్మ
వర్కర్ దగ్గర ఫీజు తీసుకోవడమే నిషేధం. ఇవ్వొద్దు. 2024 జులై 1 నుంచి టెంప్ ఏజెన్సీలకి లైసెన్స్ కూడా ఉండాలి, ప్రభుత్వ సైట్‌లో ఏజెన్సీ పేరు కొట్టి చూడు.

కొత్త_కిచెనర్
కొట్టా. లేదు.

మోడరేటర్
ఏజెన్సీల గురించి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ పెట్టండి. ఇక్కడ ఓపీ అప్డేట్లు మాత్రమే.